ఆలస్యంగా తేలిన నీలిరంగు: కణశక్తి చరిత్రలో ఎల్లాప్రగడ సుబ్బారావు

విదేశాల్లో ఉంటున్న తెలుగువారి మధ్య ఎల్లాప్రగడ సుబ్బారావు ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనిపెట్టింది ఆయనేనని. రెండు, అందుకు ఆయనకు రావలసిన నోబెల్ బహుమతి రాకుండా పోయిందని. మొదటి మాటలో నిజం ఉంది గాని, అది పూర్తి నిజం కాదు. రెండవది విన్నంత సులువుగా ఒప్పుకోదగ్గది కాదు. అయితే ఈ రెండు మాటల వెనక మరుగున పడిపోయిన అసలు సంగతి ఒకటి ఉంది. సుబ్బారావు చేసిన పని ఏమిటో, అది ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చిందో, దానికి పూర్తి అర్థం ఎవరెవరి చేతుల్లో ఏర్పడిందో వరుసగా చూస్తే, ఆయన స్థానం మనం చెప్పుకునే కథలో కంటే గట్టిదిగానే కనిపిస్తుంది. ఆ వరుసను చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మంట లేని దహనం

మనం పీల్చే గాలికీ తినే తిండికీ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు ఆధునికమైన మొదటి జవాబు ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1780ల తొలినాళ్ళలో ఆంటొయిన్ లవోయిజియే, పియర్ సిమోన్ లప్లాస్‌తో కలిసి ఒక గినీపందిని మంచు నింపిన పాత్ర మధ్యలో ఉంచి, దాని ఒంటివేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. అది విడిచిన బొగ్గుపులుసు వాయువునూ కొలిచారు. అంతే వాయువు వెలువడేలా బొగ్గును మండిస్తే పుట్టే వేడితో పోల్చి చూస్తే, రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా వచ్చాయి. శ్వాస అంటే నెమ్మదిగా సాగే దహనమేనని ఆయన తేల్చారు. ఫ్రెంచి విప్లవం 1794లో ఆయనను గిలటీన్ పాలు చేసింది.

ఆ దహనం ఊపిరితిత్తుల్లో జరుగుతుందని లవోయిజియే అనుకున్నారు. 1837లో జర్మనీలో గుస్టావ్ మాగ్నుస్ రక్తంలోని వాయువులను కొలిచి, ధమనుల రక్తంలో ఆక్సిజన్, సిరల రక్తంలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటాయని చూపారు. 1870లలో ఎడ్వార్డ్ ఫ్లూగర్ ఆ వాదాన్ని ముగింపుకు తెచ్చారు. ఆయన ప్రయోగశాలలో, రక్తం బదులు ఉప్పునీరు నింపిన కప్ప కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంది. దహనం జరిగేది ఊపిరితిత్తుల్లో కాదు, రక్తంలో కాదు, ప్రతి కణంలోనూ అని దాంతో స్పష్టమయింది. ఊపిరితిత్తులు, రక్తం సరుకు చేరవేసే మార్గాలు మాత్రమే.

కాని దీనివల్ల చిక్కు మరింత పెరిగింది. ఆవిరి యంత్రంలో బొగ్గు మండితే వేడి పుడుతుంది. వేడిగా ఉన్న చోటికీ చల్లగా ఉన్న చోటికీ మధ్య ఉండే తేడా వల్ల యంత్రం పని చేస్తుంది. కణంలో అటువంటి తేడా లేదు. అంతటా దాదాపు ఒకే వేడి, చుట్టూ నీరు. కణం వేడితో నడిచే యంత్రం కాలేదు. అంటే చక్కెర మెల్లగా ఆక్సీకరణం చెందేటప్పుడు విడుదలయ్యే శక్తిలో కొంత భాగం వేడిగా చెదిరిపోకముందే ఏదో ఒక రసాయన రూపంలో పట్టుబడాలి. పని జరిగే చోటికి చేరి, అక్కడ ఖర్చు కావాలి. ఆ రూపం ఏమిటి? ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో జీవరసాయన శాస్త్రం ఎదుర్కొన్న పెద్ద ప్రశ్నల్లో ఇది ఒకటి.

కండరాన్ని అడిగిన ప్రశ్న

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి శాస్త్రవేత్తలు కండరాన్ని ఎంచుకున్నారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది: కండరం చేసే పని కంటికి కనిపిస్తుంది, కొలవడానికి వీలవుతుంది. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరాలపై పనిచేసి, ఆక్సిజన్ అందని కండరం సంకోచించినప్పుడు లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని, ఆక్సిజన్ అందితే అది తగ్గిపోతుందని చూపారు. దీనిపైనే ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ హిల్ కండరం పుట్టించే వేడిని, జర్మనీలో ఒట్టో మయర్‌హోఫ్ అందులోని రసాయన మార్పులను కొలుస్తూ వచ్చారు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆ ఇద్దరికీ దక్కింది. కండరాన్ని ముడుచుకునేలా చేసేది లాక్టిక్ ఆమ్లమేనన్న అభిప్రాయం అప్పట్లో దాదాపు స్థిరపడిపోయింది.

అదే కాలంలో మరో ఆధారం పక్కనే పడివుంది. 1900ల తొలి దశాబ్దంలో హార్డెన్, యంగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈస్టు నుంచి పిండిన రసంలో చక్కెర పులియడం మందగించినప్పుడు కాస్త ఫాస్ఫేటు కలిపితే మళ్ళీ ఊపందుకోవడం గమనించారు. ఎముకల్లో ఉండే ఫాస్ఫరస్‌కు చక్కెర విచ్ఛిన్నంలో ఏం పని? ఈ ప్రశ్నను ముందుకు నడపాలంటే మొదట ఒక మామూలు సౌకర్యం కావాలి: కొద్దిపాటి రసంలో ఎంత ఫాస్ఫేటు ఉందో నమ్మకంగా, త్వరగా కొలిచే పద్ధతి. అప్పటికున్న పద్ధతులు అంత నమ్మదగినవి కావు.

హార్వర్డ్‌లో ఒక కొలత

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు ధరించి వచ్చినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారనీ, దాంతో ఎంబీబీయస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిందనీ ఆయన జీవితకథలు చెబుతాయి. కొంతకాలం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల తొలి సగంలో అమెరికా చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పూర్తి చేశారు. చదువుకు, పూట గడవడానికి ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేశారు.

ఆ కాలాన్ని కాస్త గుర్తు చేసుకోవాలి. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని అక్కడి సర్వోన్నత న్యాయస్థానం భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది 1923లోనే. ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నది 1946లో. ఈ మధ్యకాలమంతా సుబ్బారావు ఆ దేశంలోనే పనిచేశారు. వీసా గడువులు లెక్కపెట్టుకునే నేటి తరానికి ఆ స్థితి కొంతవరకైనా ఊహకు అందుతుంది.

డిప్లొమా తరవాత ఆయన చేరింది హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగం. విభాగాధిపతి ఒట్టో ఫోలిన్. రక్తంలోను మూత్రంలోను ఉండే పదార్థాలను రంగు ఆధారంగా కొలిచే పద్ధతులకు ఆ విభాగం ప్రసిద్ధి. అక్కడ సైరస్ ఫిస్క్ మార్గదర్శకత్వంలో సుబ్బారావుకు అప్పగించిన సమస్య ఫాస్ఫరస్ కొలత.

వారిద్దరి పత్రం 1925లో వెలువడింది. పద్ధతి సారాంశం ఇది: ఆమ్లద్రవంలో ఉన్న ఫాస్ఫేటుకు అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే రెండూ కలిసి ఒక సంయోగం ఏర్పడుతుంది. దానికి అమైనోనాఫ్తాల్‌సల్ఫోనిక్ ఆమ్లమనే క్షయకరణ పదార్థాన్ని చేరిస్తే చక్కని నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే రంగు అంత చిక్కన. తెలిసిన పరిమాణం ఉన్న ద్రవం రంగుతో పోల్చి చూస్తే తెలియని పరిమాణం లెక్క తేలుతుంది. రంగు కొద్ది నిమిషాల్లోనే వస్తుంది, నిలకడగా ఉంటుంది, ఇతర పదార్థాల వల్ల పెద్దగా చెడదు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో ఇది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో స్థిరపడింది. భారతదేశంలో జీవరసాయన శాస్త్రం చదివిన పాఠకుల్లో చాలామంది ఈ నీలిరంగును తమ చేతులతోనే తెప్పించి ఉంటారు, ఆ పేరులోని రెండవ సగం భీమవరం నుంచి వచ్చిందని తెలిసో తెలియకో.

రంగు ఎందుకు ఆలస్యమైంది?

పద్ధతి చేతికి వచ్చాక ఫిస్క్, సుబ్బారావు దాన్ని కండరంపై ప్రయోగించారు. కండరాన్ని చల్లగా ఉంచి, మాంసకృత్తులను వేరుచేసి, మిగిలిన రసంలో ఫాస్ఫేటును కొలవబోతే ఒక చికాకు ఎదురయింది. మామూలు ఫాస్ఫేటు ద్రావణంలో కొద్ది నిమిషాల్లో వచ్చే నీలిరంగు, కండరపు రసంలో పూర్తిగా రావడానికి చాలా ఎక్కువ సేపు పట్టింది.

ఇటువంటి చోట తొందరపడే మనిషి ఇంకాస్త సేపు ఆగి, రంగు నిలకడకు వచ్చాక అంకె రాసుకుని ముందుకు పోతాడు. రసంలో ఏదో మలినం అడ్డుపడుతోందని సరిపెట్టుకుంటాడు. వాళ్ళు అలా చేయలేదు. ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో ఉన్నదంతా విడి ఫాస్ఫేటు కాదని తేలింది. అందులో పెద్దభాగం మరో పదార్థంతో అంటిపెట్టుకుని ఉంది. పరీక్షకు వాడిన ఆమ్ల మాలిబ్డేటు వల్లనే అది మెల్లగా విడిపోతూ, విడిపోయినకొద్దీ రంగునిస్తోంది. అంటే అంతకుముందు దాకా కండరంలోని ‘నిరింద్రియ ఫాస్ఫేటు’గా అందరూ లెక్కగట్టింది చాలావరకు కొలిచే చర్యలోనే పుట్టిన ఫాస్ఫేటు. 1927లో ప్రచురించిన తమ పత్రం శీర్షికలో ‘నిరింద్రియ ఫాస్ఫేటు’ అన్న మాటను వాళ్ళు ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టారు. ఆ చిహ్నాల్లోనే కనుగొన్న విషయమంతా ఉంది.

ఫాస్ఫేటుతో జతకట్టిన ఆ రెండో పదార్థం క్రియాటిన్. మాంసరసంలో క్రియాటిన్ ఉంటుందని 1832లోనే షెవ్రల్ కనిపెట్టినా, కండరంలో దాని పని ఏమిటో సుమారు వందేళ్ళు ఎవరికీ బోధపడలేదు. కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించి పని చేయిస్తే ఈ ఫాస్ఫొక్రియాటిన్ తగ్గిపోతుందని, విశ్రాంతినిస్తే తిరిగి ఏర్పడుతుందని హార్వర్డ్ ప్రయోగాలు చూపాయి. అదే సంవత్సరం లండన్‌లో ఎగల్టన్ దంపతులు కూడా, వేరే దారిలో, ఇటువంటి అస్థిరమైన ఫాస్ఫేటును గమనించి దానికి ఫాస్ఫజెన్ అని పేరు పెట్టారు. అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చిన ఘనత హార్వర్డ్‌ది.

1930లో కోపెన్‌హాగెన్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ అయొడొఎసిటేట్ అనే విషంతో కండరాల్లో లాక్టిక్ ఆమ్లం తయారీని పూర్తిగా ఆపేశారు. అయినా కండరాలు కొంతసేపు ముడుచుకుంటూనే ఉన్నాయి. అవి ముడుచుకున్నకొద్దీ ఫాస్ఫొక్రియాటిన్ తరిగిపోయింది. లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం అక్కడ కూలింది. హిల్ తన పాత అభిప్రాయాన్ని వదులుకుని, దీన్ని కండర శాస్త్రంలో విప్లవంగా 1932లో బాహాటంగా ఒప్పుకున్నారు. నోబెల్ పొందిన సిద్ధాంతాన్ని సుబ్బారావు పడగొట్టారని మనవాళ్ళు కొందరు రాస్తుంటారు. సరిగ్గా చెప్పాలంటే పడగొట్టింది లుండ్స్‌గార్డ్. ఆయన చేతికి పలుగు అందించినవారు ఫిస్క్, సుబ్బారావు, ఎగల్టన్ దంపతులు.

1929

ఫాస్ఫొక్రియాటిన్‌ను లెక్కలోంచి తీసేసినా కండరపు రసంలో ఇంకొంత ఫాస్ఫరస్ మిగిలింది. దాని వెంటపడిన రెండు బృందాలు ఇంచుమించు ఒకేసారి ఒకే పదార్థాన్ని చేరుకున్నాయి. జర్మనీలో మయర్‌హోఫ్ సహాయకుడైన కార్ల్ లోమన్ పత్రం 1929 ఆగస్టులో వచ్చింది. ఫిస్క్, సుబ్బారావుల పత్రం అదే ఏడాది అక్టోబరులో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒకరి పనిపై మరొకరు ఆధారపడలేదు. ఇద్దరూ వర్ణించిన పదార్థంలో అడినీన్, ఒక చక్కెర, మూడు ఫాస్ఫేట్లు ఉన్నాయి. అదే అడినొసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ.

కనుక ఏటీపీని కనిపెట్టినవారెవరన్న ప్రశ్నకు న్యాయమైన జవాబు: లోమన్, స్వతంత్రంగా, రెండు నెలల తేడాతో, ఫిస్క్, సుబ్బారావు. ఇందులో ఎవరి పేరు తీసేసినా చరిత్ర కుంటుపడుతుంది. మరో విషయం కూడా గుర్తుంచుకోవాలి. 1929లో ఏటీపీ ఏమిటో తెలిసింది గాని, ఎందుకో తెలియలేదు. అది సకల జీవులకూ శక్తి నాణెమని ఆనాటి రెండు పత్రాలూ చెప్పలేదు.

ఊపిరికీ ఏటీపీకీ మధ్య వంతెన

ఆ ‘ఎందుకు’కు జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1934లో లోమన్, ఫాస్ఫొక్రియాటిన్ తన ఫాస్ఫేటును నేరుగా కండరానికి ఇవ్వదని, ఖర్చయిన ఏటీపీని తిరిగి నింపడానికి ఇస్తుందని చూపారు. అంటే ఫాస్ఫొక్రియాటిన్ గాదె. చేతిలో చెలామణీ అయ్యే నాణెం ఏటీపీ. 1939లో సోవియట్ దేశంలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరపు మయోసిన్ ప్రోటీనే ఏటీపీని విడగొడుతుందని కనుగొన్నారు. ఆ నాణెం ఖర్చయ్యే చోటు దొరికింది.

అది ముద్రితమయ్యే చోటు ఏది? ఇక్కడే ఊపిరి మళ్ళీ కథలోకి వస్తుంది. 1925లో కేంబ్రిడ్జిలో డేవిడ్ కీలిన్ సైటోక్రోములనే రంగు ప్రోటీన్లను గుర్తించారు. చక్కెర నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను ఇవి చేతులు మార్చుకుంటూ చివరకు ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి. అక్కడ నీరు ఏర్పడుతుంది. 1937లో షెఫీల్డ్‌లో హన్స్ క్రెబ్స్, చక్కెర ముక్కల్లోని కార్బన్ ఒక వలయంలో తిరుగుతూ బొగ్గుపులుసు వాయువుగా ఎలా విడిపోతుందో వివరించారు. ఆ పత్రాన్ని నేచర్ పత్రిక స్థలం లేదని వెనక్కి పంపితే వేరే పత్రికలో వేసుకున్నారు. ఎంగెల్‌హార్ట్, కాల్కర్, బెలిట్సర్ 1930లలో వేర్వేరుగా చేసిన పని, కణాలు ఆక్సిజన్‌ను వాడుకోవడం ఏటీపీ తయారీతో ముడిపడి ఉందని తేల్చింది. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఈ ఆధారాలన్నిటినీ ఒక్కచోట చేర్చి, ఫాస్ఫేటు బంధాల రూపంలో శక్తి కణమంతటా చెలామణీ అవుతుందని సూత్రీకరించారు. 1948–49లో కెనెడీ, లెనింజర్ ఈ తయారీ మైటోకాండ్రియాల్లో జరుగుతుందని నిరూపించారు.

ఎలక్ట్రాన్ల ప్రయాణం ఏటీపీ తయారీగా మారేది ఎలా అన్నది చివరి చిక్కు. రెంటినీ కలిపే ఒక మధ్యస్థ రసాయనం ఉండాలని అందరూ ఏళ్ళ తరబడి వెతికారు. అటువంటిది లేదని 1961లో పీటర్ మిచెల్ అన్నారు. ఎలక్ట్రాన్ల ప్రవాహం ప్రోటాన్లను మైటోకాండ్రియా లోపలి పొరకు అవతలి వైపు తోడిపోస్తుంది. అవి తిరిగి ఇవతలికి దూకే వేగంతో ఏటీపీ తయారవుతుందని ఆయన ప్రతిపాదన. ఎత్తున నిలిచిన నాగార్జునసాగర్ నీరు కిందికి దూకుతూ టర్బైనును తిప్పడం వంటిదే ఇది. తొలుత చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ టర్బైను పోలిక ఉత్త ఉపమానం కాదని కూడా తరవాత తేలింది: ఏటీపీని తయారుచేసే ఎంజైములో ఒక భాగం నిజంగానే గిరగిరా తిరుగుతుందని ఊహించిన పాల్ బోయర్, దాని నిర్మాణాన్ని చూపిన జాన్ వాకర్ 1997 నోబెల్‌లో భాగం పంచుకున్నారు.

ఆక్సిజన్ లేకుండా చక్కెరను విరిస్తే కణానికి ఒక్కో గ్లూకోజ్ అణువుకు దక్కేది రెండు ఏటీపీలు. ఆక్సిజన్‌తో అయితే సుమారు 30 నుంచి 32 అని నేటి అంచనా. మనలో చాలామంది బడిలో 38 అని చదువుకున్నాం. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ బరువు గ్రాముల లెక్కలోనే ఉంటుంది. కాని ఒక్కో అణువు రోజుకు వందలసార్లు విడిపోయి మళ్ళీ కూడుతుంది కనుక, రోజు మొత్తానికి చెలామణీ అయ్యేది మనిషి బరువుతో పోల్చదగినంత. ఊపిరి ఆగిన కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడానికి కారణం ఇదే. నిల్వ లేదు, ఎప్పటికప్పుడు ముద్రించుకోవలసిందే.

ఎవరి వాటా ఎంత?

ఇప్పుడు నోబెల్ మాటకు వద్దాం. ఏటీపీని కనుక్కున్నందుకు సుబ్బారావుకు బహుమతి రాలేదు. నిజమే. కాని లోమన్‌కూ రాలేదు; ఫిస్క్‌కూ రాలేదు. ఈ రంగంలో బహుమతులు మార్గాన్నీ, యంత్రాంగాన్నీ విప్పి చెప్పినవారికి వచ్చాయి: క్రెబ్స్, లిప్‌మన్‌లకు 1953లో, మిచెల్‌కు, బోయర్, వాకర్‌లకు తరవాత. భారతీయుడు కావడం వల్ల మాత్రమే ఆయనకు అన్యాయం జరిగిందన్న వాదన ఈ ఒక్క విషయంలో నిలబడదు.

అన్యాయం అసలు లేదని దీని అర్థం కాదు. 1930లో డాక్టరేటు పొందిన సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన పదవి ఎన్నడూ దక్కలేదు. ఆ రోజుల్లో అదే విభాగంలో చదువుకుని, 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ వెలుగులోకి రానివ్వలేదని, వాటిని తరవాత ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని చెప్పారు. ఇది ఒక సాక్షి మాట. ఫిస్క్ తరఫు మాట మన ముందు లేదు. అయినా పక్కనే ఉండి చూసినవాడి మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం.

1940లో ఆయన హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థకు వెళ్ళారు. ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. దానికి విరుద్ధంగా పనిచేసే మందులను తయారుచేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటితో పిల్లల రక్తక్యాన్సర్‌ను తొలిసారిగా తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించగలిగారు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కోస్తా జిల్లాలను తరతరాలుగా పీడించిన బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజీన్ కూడా లెడర్లీ నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

ఈ కథలోని మనుషుల్లో ఎందరు వలసదారులో గమనించండి. క్రెబ్స్‌ను 1933లో జర్మనీ వెళ్ళగొట్టింది. మయర్‌హోఫ్ ఫ్రాన్సు మీదుగా అమెరికా చేరారు. లిప్‌మన్ కోపెన్‌హాగెన్‌లో కొన్నేళ్ళు గడిపి అమెరికా వచ్చారు. సుబ్బారావు అమెరికాలో పాతికేళ్ళ పాటు పనిచేశారు, అందులో చాలాకాలం పౌరసత్వానికి అర్హత లేకుండానే. కణంలో శక్తి చేతులు మారే తీరును విడమరచిన జ్ఞానం కూడా, దేశాలు దాటుతూ, చేతులు మారుతూనే పూర్తయింది. ఒక్కరి పేరు మీద రాసివ్వదగ్గ ఆస్తి కాదది.

మనవాడన్న అభిమానంతో చేసే అతిశయోక్తి సుబ్బారావుకు మేలు చేయదు. వినేవారిలో ఒకరికి లోమన్ పేరు తెలిసివుంటే చాలు, మనం చెప్పిన నిజాలు కూడా అనుమానంలో పడతాయి. ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్పినా చాలు: వేలమంది చేతుల్లో నేటికీ నలుగుతున్న కొలత పద్ధతికి ఆయన సహకర్త, ఆ కొలతలో కనిపించిన ఒక చిన్న ఆలస్యాన్ని లోపమని వదిలేయకుండా దాని కారణం దాకా వెళ్ళిన ఇద్దరిలో ఒకరు, ఆ దారిలోనే ఏటీపీని స్వతంత్రంగా చేరుకున్నవారిలో ఒకరు. ఆ రోజు ఆ నీలిరంగు తేలడం ఆలస్యమైనప్పుడు అంకె రాసుకుని ముందుకు పోకపోవడమే ఆయన మనకు విడిచిన పాఠం. ఆయన గురించి రాసేటప్పుడు మనమూ పాటించవలసిన పద్ధతి అదే.